గేటు దగ్గర చెవుడు

అమ్మాయీ, నా కోడిగీతలూ తప్పులూ చూసి నవ్వుకో, ఏమీ అనుకోను.

నువ్వు హాస్టల్ వెనక గుమ్మంలోంచి వెళ్ళి ఆటో ఎక్కిన ఉదయం, నేను కాపలా కాసే గేటు దగ్గర జరిగింది నీకు తెలియదు. మీ ఇంట్లో నిన్ను గదిలో పెట్టి తాళం వేసిన మీ అన్నయ్య వచ్చాడు.

"మా చెల్లెలు లోపలుందా?"

"గట్టిగా చెప్పు బాబూ, నాకు చెవుడు."

అరిచాడు. చెవికి చెయ్యి ఆనించాను. ఇంకా గట్టిగా అరిచాడు. వీధంతా బయటికొచ్చింది. ఎదురింటి టైలరమ్మ కత్తెరతోనే వచ్చి, "ఆడపిల్లలుండే చోట ఆ కేకలేంటయ్యా?" అని తగులుకుంది. ఆ కేకలు వినబట్టే వార్డెనమ్మ నిన్ను చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా పంపించేసింది. అతను గొంతు బొంగురుపోయి వెళ్ళాడు.

నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. నా పక్కనే నిలబడి నా మీసం మీద మీ పిల్లలంతా వేసిన జోకులన్నీ విన్నాను. ఎవరికీ చెప్పకు, ఈ చెవుడుతో ఇంకా పనుంది.

పన్నెండేళ్ల కిందట మా అమ్మాయి దెబ్బలు ఓర్చుకోలేక నా ఇంటికొచ్చేసింది. మర్నాడు అల్లుడొచ్చి, లోపలుందా మామయ్యా అని మెల్లగా, మర్యాదగా అడిగాడు. నాకు బాగా వినబడింది. ఉందని చెప్పాను. వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. నెల తిరక్కుండా అమ్మాయి లేకుండా పోయింది.

నువ్వు క్షేమంగా చేరావని వెంటనే రెండు ముక్కలు రాయి తల్లీ.