లోయ వైపు కాళ్లు

లింగం ఆ రోజు కావాలనే బండిని రాయికి గుద్దాడా?

పన్నెండేళ్లుగా దేవుడి దగ్గర నరసింహ దీపం ముట్టించినప్పుడల్లా, దీపం కన్నా ముందు ఈ అనుమానమే వెలిగేది.

తూంకుంటలో నరసింహ భూములున్నవాడు. మోటారు సైకిల్ కొన్నాడు గానీ నడపడం రాదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే లింగమే పిలిచినప్పుడు వచ్చి నడిపేవాడు. తొంభై ఐదులో నరసింహ చేను ప్లాట్లు చేసి, చేపలవాళ్లు చెరువుకు పోయే బాటకు అడ్డంగా గోడ కట్టించాడు. నాలుగో రోజున, మేడ్చల్ నుంచి వస్తుంటే, లింగం నడుపుతున్న బండి చెరువు కట్ట మీద రాయిని గుద్దింది. లింగానికి మోచేయి గీసుకుపోయింది. నరసింహ స్పృహ లేకుండా ఆసుపత్రి చేరాడు, ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు.

ఆ తర్వాత లింగాన్ని గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడు, రెండు వేల ఏడులో, నేపాల్ కొండల్లో, మళ్లీ అదే లింగం వెనక కూర్చోవలసి వచ్చింది.

మేడ్చల్ నుంచి కదిలిన యాత్ర బస్సులో లింగం కూడా ఉన్నాడు. "వాని పక్కన కూసోకు, పైలం" అని నరసింహ భార్య సత్యమ్మ చెప్పి మరీ పంపింది. ముక్తినాథ్ చేరే చివరి దారిలో బస్సు పోదు. అందరూ గుర్రాలెక్కారు. వంగని కాలుతో నరసింహ ఎక్కలేకపోయాడు. లింగం అక్కడి టీకొట్టు ఆయన దగ్గర మోటారు సైకిల్ కిరాయికి తెచ్చాడు.

"ఎక్కుండ్రి పటేలా."

"నీ ఎంబడి ఎక్కి ఒక కాలు పోగొట్టుకున్న. సాలదారా?"

"గింత దూరమొచ్చి గుడి సూడకుంట మర్లిపోతరా?"

నరసింహ ఆడవాళ్లలా పక్కకు కూర్చున్నాడు. రెండు కాళ్లూ ఎడమకు. ఎడమన లోయ.

కొంత దూరం పోయాక దారి నడుమ రాతి పలకలు పేర్చిన పొడుగాటి దిబ్బ కనిపించింది. లింగం బండి ఆపాడు. వెనక వస్తున్న గుర్రాలన్నీ ముందుకు పోయేదాకా ఆగాడు.

"గాళ్లను పోనిచ్చినవ్, ఎందుకురా?"

లింగం బండిని దిబ్బకూ లోయకూ మధ్యనున్న సన్నని సందులోకి పోనిచ్చాడు. నరసింహ పాదాల కింద నేల లేదు. ఎక్కడో అడుగున నది నూలుపోగులా ఉంది. బండి దిబ్బ దాటింది. మరుక్షణం మళ్లి, అవతలి పక్కగా మొదటి చోటికే వచ్చింది. మళ్లీ ముందుకు సాగింది.

"తొవ్వ తప్పినవా?"

అద్దంలో లింగం పెదవులు మాత్రం కదులుతున్నాయి.

రెండో దిబ్బ దగ్గరా అంతే. ఆగాడు. ముందూ వెనకా చూశాడు. అంచు మీదుగా పోయి, తిరిగి వచ్చాడు. చక్రం కింద నుంచి గులకరాళ్లు జారాయి. అవి పడిన చప్పుడు నరసింహకు వినిపించలేదు.

మనుషులు లేని చోటు వెతుకుతున్నాడు. ఇంకేం అనుమానం లేదు. నారాయణ నామం తలుచుకుంటూ నరసింహ సీటు గట్టిగా పట్టుకున్నాడు.

మూడో దిబ్బ. ఈదురుగాలి. కనుచూపు మేర గుర్రం లేదు, మనిషి లేడు. బండి అంచుకు మళ్లగానే నరసింహ లింగం కాలరు పట్టుకున్నాడు.

"ఆపురా! గోడ కూలగొట్టిస్త! మీ బాట మీకు ఇడిశిపెడ్త! నన్ను సంపకురా!"

లింగం ఆపలేదు. అంచు దాటాడు, మళ్లాడు, మొదటి చోటికి వచ్చాడు. అప్పుడు స్టాండు వేసి దిగాడు. అక్షరాలు చెక్కిన ఆ రాళ్లకు నుదురు ఆనించి చాలాసేపు ఉన్నాడు. కళ్లు తుడుచుకుని ఇటు తిరిగాడు.

"మీరు దవఖానల తెలివి లేకుంట పన్ననాడు మొక్కిన పటేలా, మీరు బతికితె మిమ్ముల మోసుకొని దేవుని సుట్టు మూడు సుట్లు తిరుగుతనని, మీరేమో నన్ను దగ్గరికే రానియ్యకపోతిరి, గీ దేవుని పేరు సెక్కిన రాళ్ల సుట్టు తిరిగితె దేవుని సుట్టు తిరిగినట్టేనని టీకొట్టాయన జెప్పిండు, నా బాకీ గియ్యాల తీరింది."