కనుబొమల మధ్య

"బోటాక్సా, ఫిల్లరా?" అడిగింది క్లినిక్ వరండాలో పక్క కుర్చీలోని పెద్దావిడ.

టీవీలో వార్తలు చదివే ఆమె చిరాగ్గా తల తిప్పింది. "ఫిల్లర్. కనుబొమల మధ్య గీతలకి."

"ఏదీ, కోపంగా చూడు."

"చూస్తూనే ఉన్నాను."

పెద్దావిడ నవ్వింది. "కండ ముడిస్తే పడే గీత తల్లీ అది. దానికి కండను నిద్రపుచ్చే బోటాక్స్ చాలు. ఫిల్లర్ గుంటలు పూడ్చడానికి. బుగ్గల్లోనైతే సరే, అక్కడ మాత్రం ప్రమాదం."

"బోటాక్స్ వేస్తే నుదురు కదలదు. చావు వార్తకి నా కనుబొమలు ముడిపడాలి."

"చావు వార్త కనుబొమలతో చదువుతావా, నోటితోనా?"

ఎదురుగా ఎవరో కిసుక్కుమన్నారు. వార్తలామె ముఖం ఎర్రబడింది.

"మీరు డాక్టరా?"

"కాదు."

"మరెందుకు నా బుర్ర తింటారు?"

కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచింది. "ఈ మామ్మగారిని బయటికి పంపుతావా, నన్ను పొమ్మంటావా?"

డబ్బున్న నోటికి ఎదురుండదు. పెద్దావిడ తనే లేచింది.

"సూది వేసేటప్పుడు చేతిలో అద్దం వదలకు. చర్మం తెల్లబడితే ఓర్చుకోకు, కేక పెట్టు" అని వెళ్ళిపోయింది.

లోపల రెండో సూది దిగింది. చురుక్కుమంది. మొదటిసారి కదా, ఇంతేనేమో అనుకుంది.

అద్దంలో చూసుకుంది. నుదురు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ఆపండి!"

డాక్టరమ్మ సూది లాగేసింది. ఫిల్లర్‌ను కరిగించే మందు గబగబా ఎక్కించింది. గంటకి గానీ రంగు తిరిగి రాలేదు.

"నెత్తురు దారి మూసుకుపోయింది. ఇంకాస్త ఓర్చుకుని ఉంటే కన్ను పోయేది" అంది డాక్టరమ్మ. "అద్దం చూడమని ఎవరు చెప్పారు?"

వార్తలామె వరండాలోకి పరుగెత్తింది. వెనకే డాక్టరమ్మ. కుర్చీ ఖాళీ.

"ఆవిడేరీ?"

"మీరేగా మేడమ్ పంపేయమన్నారు!" అంది కౌంటరు అమ్మాయి.

"ఎవరిని? ఆవిడనా?" ముసలి నర్సు చేతిలోని ట్రే కింద పెట్టేసింది.

"ఇదే సూదికి మీ నాన్నగారి చేతిలో కుడికన్ను పోగొట్టుకున్న మనిషి, డాక్టరమ్మా, పరిహారం ఏం కావాలో కోరుకోమంటే, వరండాలో ఆ కుర్చీ ఒక్కటే అడిగింది."