పక్కన నిలబడే ముఖం

"మందు పూస్తావో, లైటు కొడతావో నీ ఇష్టం తల్లీ. పదైదు దినాల్లో నా మొగం మీద ఒక్క గీత ఉండగూడదు."

నంద్యాలలో చర్మం డాక్టరు సరస్వతి ఎదురుగా కూర్చున్న కమలాక్షమ్మకు అరవై రెండేళ్లు. నుదుటి మీద, కళ్ల పక్కన, మూతి చుట్టూ గీతలే. అవి చాలవన్నట్టు ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఈ దెబ్బ ఏమిటమ్మా?"

"రాయితో రుద్దుకున్యా."

"రాయితోనా!"

పక్కనున్న మేనకోడలు పూర్ణిమ తల పట్టుకుంది. "ఆళ్లగడ్డలో శిల్పులు బొమ్మలకు నునుపు పెట్టే గరుకు రాయి ఉంటాది మేడం. మా అత్త దాన్ని ఎత్తుకొచ్చింది. బండరాయే నున్నగ అయితాంటే నా తోలెంత అంటాది."

డాక్టరు మనసులో మాట దాచుకునే మనిషి కాదు. "ఈ వయసులో ఈ ముచ్చటేమిటమ్మా మీకు?" అని అడిగేసింది.

కమలాక్షమ్మ సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. మీసం మెలేసిన పడుచువాడు.

"మా ఆయప్ప, నన్ను కట్టుకున్నోడు. ఇరవయ్యారేండ్లకే పాము కరిచి పాయ. మా ఊరి గుడికి మండపం కట్టిస్తాండా. కట్టించిన మొగుడూ పెండ్లాం చేతులు జోడించి నిలబడినట్ల స్తంభం మీద చెక్కేది మా దిక్కు ఆనవాయితీ. శిల్పి గురుస్వామి ఈ పటం జూసి ఆయప్పను చెక్కినాడు. ఏం చెక్కినాడనుకున్యావ్! ఇప్పుడే పెండ్లి పీటల మీంచి లేసొచ్చినట్లుండాడు. పదైదు దినాలకు నా మొగం జూసి పక్కన నన్ను చెక్కుతాడంట. జూసినోళ్లు ఏమంటారు? తల్లీ కొడుకూ అంటారు!"

నవ్వొచ్చే మాటే. ఎవరికీ నవ్వు రాలేదు.

"మీ చిన్నప్పటి ఫోటో ఇవ్వొచ్చు కదా?"

"ఉంటే గదా. ఆ కాలంలో ఆడోళ్లకు ఫోటోలు ఎవరు దీసినారు?"

"పోనీ, పడుచుదానిలా చెక్కమని ఆ శిల్పినే అడగాల్సింది."

"అడిగితి. కండ్లతో చూడందానికి ఉలి పెట్టనన్నాడు. వాళ్ల నాయన నేర్పింది అదేనంట. బండలతో బతికేటోడు, మాటా బండే."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. "చూడండమ్మా. పీల్ అంటే మందు పూసి చర్మం పై పొర ఊడేలా చేస్తాం. ఇక్కడే చెయ్యొచ్చు. పైపైన చేస్తే రంగు కాస్త తేరుతుంది, ముడత పోదు. లోతుగా చేస్తే మన రంగు వాళ్లకు నల్లమచ్చలు పడతాయి. లేజరంటే లైటుతో చేసేది. దానికి హైదరాబాదు పోవాలి. నెలకోసారి, ఐదారుసార్లు. అయినా సన్నగీతలే తగ్గుతాయి."

"నెలలంటే నాకు కుదరదు. మందే పూయి. లోతుగానే పూయి."

"మచ్చలు పడతాయన్నాను కదమ్మా!"

"పడనీ. రాతిలో మచ్చలు కనపడవు గదా తల్లీ. గీతలే కనపడేది."

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "మానడానికే నెల పడుతుంది. అసలు ఈ పుండు మీద నేను ఏదీ చెయ్యను" అంది.

కమలాక్షమ్మ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "కాలితే నా మొగమే గదా కాలేది! ముప్పై ఎనిమిదేండ్లు ఒక్కదాన్నే ఉంటి. ఇన్నాళ్లకు ఆయప్ప పక్కన నిలబడే దినం వచ్చింది. పెండ్లాం మాదిరి నిలబడాల తల్లీ. అంతే నేనడిగేది." డాక్టరు కళ్లు తుడుచుకుని పుండుకు మాత్రం మందు రాసిచ్చింది.

కమలాక్షమ్మ ఆళ్లగడ్డ బస్సెక్కింది. దిగాక ఇంటి దారి పట్టకుండా నేరుగా గురుస్వామి బొమ్మలు చెక్కే పందిరి కిందికి పోయింది. పూర్ణిమ వెనకాలే పరిగెత్తింది. ముసలి శిల్పి ఉలి కింద పెట్టి లేచాడు.

"నన్ను చెక్కొద్దప్పా. ఆయప్ప ఒక్కడే ఉండనీ" అంది కమలాక్షమ్మ. సంచిలోంచి గరుకు రాయి తీసి అతని ముందు పెట్టింది. "ఇది నీదే. చెప్పకుండా ఎత్తుకపోతి."

గురుస్వామి రాయిని చూడలేదు. ఆమె చెంప చూశాడు. "ఎత్తుకపోతాంటే జూసినా. ఆ పొద్దే తెలిసింది నాకు, నువ్వెందుకు తీస్కపోతాండావో. ఇట్ల రామ్మా."

స్తంభం మీద కప్పిన గోనెపట్టా లాగేశాడు.

కమలాక్షమ్మ అడుగు ఆగిపోయింది. పోయినసారి చూసిన మొగుడి నున్నటి ముఖం అక్కడ లేదు. నుదుటి మీద మూడు గీతలు. లోపలికి పోయిన దవడలు. కళ్ల పక్కన ముడతలు, మూతికి రెండువైపులా మడతలు. చేతులు జోడించుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పక్కన ఒక మనిషికి సరిపడా రాయి ఖాళీగా ఉంది.

ఆమె వేలితో రాతి నుదుటిని తాకింది. "ఇరవయ్యారేండ్లకే పోయినోనికి ఈ ముడతలు యాడివప్పా? కండ్లతో చూడందానికి ఉలి పెట్టనంటివే?"

"జూసే చెక్కినానమ్మా" అన్నాడు గురుస్వామి. "అవన్నీ నీ మొగం మీదివే."