పోయిన అక్షరం

నాలుగు కాగితాల మీదా కామాక్షి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది.

పక్కన 'కాపీ' అని రాసింది.

అది 2011. సకల జనుల సమ్మెతో బడి మూతపడి మూడు వారాలైంది.

కామాక్షి తార్నాకలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ఏడో తరగతి పిల్లలు ఇంట్లోనే సొంతంగా చదువుకోవాలని వ్యాకరణ పాఠాలు చేత్తో రాసి, జిరాక్సు తీయించి, ప్రతి శనివారం తన ఫ్లాట్ గేటు దగ్గర పంచుతోంది.

ఈసారి ఉత్వ సంధి ఇచ్చింది. సొంతంగా ఉదాహరణలు రాయమంది.

ముప్పై మందిలో ఒక్క తప్పూ లేకుండా రాసింది నలుగురే. నలుగురూ లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక బస్తీ పిల్లలే.

'బందు + అయింది = బందయింది.'

'రైళ్ళు + ఆగినయి = రైళ్ళాగినయి.'

"ఇవి ఎవరు చెప్పారే?" వాళ్ళలో ఒకతైన నవనీతను నిలదీసింది.

"మా పక్కింటి వీరస్వామి తాత, మేడం."

"రేపు రమ్మను."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అరవై దాటిన మనిషి. వెలిసిన చొక్కా, హవాయి చెప్పులు. ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, గేటు బయటే నిలబడిపోయాడు.

"వీళ్ళకు మీరే రాసిపెట్టారా?"

"లేదమ్మా. పిల్లలే రాసుకున్నరు."

"నలుగురికీ ఒక్క తప్పు లేకుండా ఎలా వస్తుందండీ? ఇంట్లో సొంతంగా చదువుకోమన్నది ఎందుకు? మీరేం చదివారు?"

"ఏడు దాకా."

కామాక్షికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"ఏడు చదివి ఏడో తరగతికి వ్యాకరణం చెబుతున్నారా! 'బందయింది' ఏమిటి? 'ఆగినయి' ఏమిటి? యూనివర్సిటీ క్యాంపస్‌లో సమ్మె చాలక వ్యాకరణంలో కూడానా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు.

"ఉత్తు ఉన్నది, అచ్చు ఉన్నది. సంధి అయితదమ్మా."

ఆ మాట నిజమేనని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే కోపం ఎక్కువైంది.

"ముందు మీ మాట సరిచేసుకోండి. తర్వాత పిల్లలకు నేర్పుదురుగాని."

పై అంతస్తు బాల్కనీలోంచి ఎవరో తొంగిచూశారు. పక్కన నవనీత తల దించుకుంది.

"తప్పయింది, మేడం" అన్నాడాయన. వెనక్కి తిరిగి, తార్నాక చౌరస్తా వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి శనివారం నుంచి ఆ నలుగురూ గేటు దగ్గరికి రాలేదు.

అక్టోబరు చివర్లో బడి తెరిచారు. మొదటి రోజే కామాక్షి పరీక్ష పెట్టింది. పుస్తకంలో లేని పదాలు ఏరి, ఎవరూ ఎవరిదీ చూడకుండా దూరం దూరంగా కూర్చోబెట్టింది.

ఆ నలుగురూ మళ్ళీ తప్పు లేకుండా రాశారు.

నవనీతను స్టాఫ్ రూముకు పిలిచింది.

"నిజం చెప్పు. తాత ఎలా నేర్పాడు?"

"నేర్పకపోతుండె మేడం. ఏదన్న పదం మెల్లగ అనుమంటుండె. మళ్ళ జల్దీ అనుమంటుండె. 'నడుమల పోయిన అక్షరం ఏదో నువ్వే పట్టుకో, నన్ను అడగకు' అంటుండె. పట్టుకునేదాంక తను చెప్పకపోతుండె."

కామాక్షి నవనీత జవాబు కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పదిహేనేళ్ళుగా తను పిల్లల చేత సూత్రం బట్టీ పట్టిస్తూనే ఉంది. పోయిన అక్షరాన్ని ఒక్కరి చేతా పట్టించలేదు.

"సాయంత్రం నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్తావా?"

"తాత లేడు మేడం. దసరా అయిన మూడొద్దులకు గుండెనొప్పితోటి చచ్చిపోయిండు."

"వాళ్ళింట్లో... ఎవరున్నారు?"

"ఎవ్వల్లేరు. సీతాఫల్‌మండిల ప్రెస్సు ఇన్నయ్య అంకులే మట్టి చేయించిండు."

తప్పయిందని చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక, ఆ సాయంత్రం ఆటో ఎక్కి సీతాఫల్‌మండి వెళ్ళింది.

సందు మలుపు తిరగ్గానే ఆ చోటు గుర్తొచ్చింది. క్యాంపస్‌లో చదివే రోజుల్లో తన ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం అచ్చు వేయించింది ఈ ప్రెస్సులోనే. కాగితాల కట్ట కౌంటరు మీద పెట్టి వెళ్ళింది, నెల తర్వాత వచ్చి అట్ట వేసిన పుస్తకం తీసుకుంది. వైవాలో పరీక్షకుడు పేజీలు తిప్పి, 'ఇంత శుద్ధమైన తెలుగు ఈమధ్య చూడలేదు' అన్నాడు. ఆ ఒక్క మాటే ఇన్నేళ్ళూ ఆమెను తల ఎత్తుకుని నడిపించింది.

ఇన్నయ్య కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"వీరస్వామిగారు ఇక్కడ ఏం చేసేవారు?"

"మా నాయిన దినాల నుంచి సీసం అక్షరాలు పేర్చిండు మేడం. కంప్యూటర్లు వచ్చినంక ప్రూఫులు దిద్దుడు. క్యాంపస్ పిల్లల థీసిస్‌లు మస్తు ఆయన చేతుల మీదికెళ్లే పోయినయి. అచ్చుతప్పులే కాదు, రాసినోళ్ళ తప్పులు గూడ సప్పుడు లేకుంట సరిచేస్తుండె. చెప్తే చిన్నబోతరని ఎవ్వలికి చెప్పకపోతుండె."

కామాక్షి ఆ కుర్చీలో కూర్చుంది.

"నేను ఆయన్ని... గేటు దగ్గర నిలబెట్టి..."

"ఎరుకే మేడం, తర్వాత పిల్లలు చెప్పిన్రు. ఆ దినం గీడికే వచ్చిండు" అన్నాడు ఇన్నయ్య. "టీచరమ్మ ఏమన్నదే అని అడిగితే, 'ఏమనలేదురా, మంచిగ చెప్తది, ఆమె ఎం.ఫిల్. పుస్తకం నేను దిద్దిందే' అన్నడు."