తోడు వాయిద్యం

"ఎస్సై వస్తాండాడు. నిన్న సాయంత్రం నేను ఈడ్నే, నీతో వాయిస్తాంటినని చెప్పు," అన్నాడు దయానందం, క్లారినెట్ పెట్టె మూస్తూ.

భార్య దీవెనమ్మ పియానో ముందు నుంచి లేవలేదు. ఈ మొగుడూ పెళ్ళాలు నడిపే జమ్మలమడుగు సంగీత సంఘంలో సిరాజుద్దీన్ వయొలిన్ వాయిస్తాడు. మొన్న ఎన్నికల్లో ఊరి లీడరుకు ఎదురుగా, అవతలి పార్టీకి ఏజెంటుగా కూచున్నాడు. నిన్న సాయంత్రం సాధనకు వస్తుంటే చర్చి వెనక సందులో అతని మీద బాంబులేశారు. ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఆ సందులోంచి రమ్మని చెప్పిందే మనం. ఇంగెవురికీ తెలీదు. నువ్వు నిన్న యాడికి పోయినావయ్యా? సంఘానికి హాలు కట్టిస్తానన్న లీడరు ఇంటికా?"

"మొగుణ్ణే అనుమానిస్తాండావా?"

"లేదని చెప్పు. నమ్ముతా."

దయానందం భుజాలు దించి, నోటితో నిండా ఊపిరి తీసుకున్నాడు. "నేనెవురికీ చెప్పలా."

ఇరవై ఏళ్లుగా ఆ ఊపిరి విన్నాకే ఆమె పియానో మెట్లు నొక్కుతూ వచ్చింది. సాధన చేసిన పాట ఎత్తుకునే ముందు తప్ప అతను అలా ఊపిరి తీయడు. మామూలు మాటకు ఎన్నడూ తీయలేదు.

"ఈ మాట ఎన్నితూర్లు సాధన చేసినావు?"

బయట జీపు ఆగింది.

దీవెనమ్మ పియానో మూత వేసింది. "పో. ఈతూరి నువ్వొక్కడివే వాయించు."