వెనక కుదుపు

“ముందు ఇంజను కింది మౌంటింగ్ రబ్బరు ఒక్కటే మార్చి పంపెయ్యమ్మా. వెనకవి తర్వాత చూద్దాం,” అన్నాడు బండి యజమాని, గడియారం చూసుకుంటూ.

“వెనకవి మార్చందే బండి కదలదు సార్,” అన్నాడు డ్రైవరు.

మెకానిక్ ఆవిడ బండి కిందనుంచి తల బయటపెట్టింది. బ్రేకు తొక్కిపట్టి గేరు వేస్తే ఇంజను ఎలా ఎగిరిపడుతోందో ఆమె ఇందాకే చూపించింది. వెనక కమాన్ కట్టల సందులో రాడ్డు పెట్టి ఎత్తితే వాటి చివర్ల రబ్బరు బుష్‌లు ముసలి పళ్ళలా కదిలాయి.

“వణుకు ముందుది, కుదుపు వెనకది. రెండూ పోయాయి,” అని తేల్చేసింది.

“వణుకుతో ఇబ్బంది నీకే కదా? అది బాగుచేయిస్తున్నాను. ఇంకేం కావాలి?” అన్నాడు యజమాని.

“నా సంగతి వదిలెయ్యండి సార్. వెనక పడుకున్నవాళ్ళ మాటేంటి? నిన్న గుంతలో పడగానే ఆ పెద్దాయన తల స్ట్రెచర్ కమ్మీకి ఠంగుమని కొట్టుకుంది. పక్కనున్న కొడుకు చూసిన చూపుకి నాకు రాత్రి అన్నం సయించలేదు.”

“ఇన్నేళ్ళలో పడుకున్నవాళ్ళెవరైనా ఫిర్యాదు చేశారా?”

“నోరు లేనివాళ్ళని ఎలా కుదిపినా చెల్లుతుందనా?”

యజమాని మొహం కందగడ్డయింది. “నాలుగింటికి బండి బుక్ చేసినవాళ్ళ గుమ్మంలో ఉండాలి. లేదా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

డ్రైవరు తన నెరిసిన తల తడుముకున్నాడు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అయినా తగ్గలేదు.

“సరే సార్. ఆ స్ట్రెచర్ మీద మీరు పడుకోండి, వీధి చివరిదాకా తిప్పి తీసుకొస్తాను. కుదుపు లేదంటే మీరన్నట్టే.”

“నేనా? అందులోనా?” యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు. “మొండిఘటం! అన్నీ మార్చెయ్యమ్మా,” అని విసవిసా వెళ్ళిపోయాడు.

పాత బుష్‌లు ఓ పట్టాన ఊడలేదు. డ్రైవరు కూడా చొక్కా విప్పి కిందికి దూరాడు. మూడింటికి పని ముగిసింది. మెకానిక్‌ని నడపమని, తానే వెనక పడుకుని చూసుకున్నాడు. స్పీడ్‌బ్రేకర్ ఎప్పుడు దాటారో తెలియలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి ఓ ఇంటిముందు బండి ఆపాడు. ముసలావిడని జాగ్రత్తగా ఎక్కించారు.

“అమ్మకి ఎన్నేళ్ళనుంచో నడుంనొప్పి బాబూ. కాస్త నెమ్మదిగా,” అంది కూతురు, తల్లి తలకింద దిండు సర్దుతూ.

“గ్లాసులో నీళ్ళు కూడా తొణకవమ్మా,” అన్నాడు డ్రైవరు.

శ్మశానం దాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు.