మనుషులు లేని ఫొటోలు

"ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇల్లు అమ్మకానికి పెట్టామని అద్దెకున్నవాళ్ళకి తెలియకూడదు. తెలిసిందంటే తలుపు కూడా తీయరు" అన్నాడు ఇళ్ళ బ్రోకరు.

ఫొటోగ్రాఫర్ తలూపాడు. తలూపక ఏం చేస్తాడు? స్టూడియోలో ఉద్యోగం మానేసి, సొంతంగా చేసుకుంటానని బయటికొచ్చిన దగ్గర్నుంచి ఈగలు తోలుకుంటున్నాడు. పెళ్ళిళ్ళవాళ్ళు పాత స్టూడియోకే పోయారు. స్నేహితులు పుట్టినరోజులకి పిలిచి, కడుపునిండా భోజనం పెట్టి, "మన మధ్య డబ్బులేంట్రా" అని భుజం తట్టి పంపించారు. "డబ్బిచ్చేవాడు ఒక్కడు దొరికితే చాలండీ, తర్వాత మీ పనే నలుగురినీ పిలుస్తుంది" అని భార్య మాత్రం రోజూ ధైర్యం చెబుతోంది. ఆ ఒక్కడూ ఇవాళ్టికి దొరికాడు.

బ్రోకరు చిరునామా ఉన్న కాగితం చేతికిచ్చాడు. ఫొటోగ్రాఫర్ దాన్ని చదివి, మళ్ళీ చదివాడు.

"తెలుసా ఆ వీధి?"

"తెలుసండీ."

"బాగా తీశావంటే ఇకమీదట నా ఇళ్ళన్నీ నీకే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటా."

నోటిదాకా వచ్చిన మాటను ఫొటోగ్రాఫర్ మింగేశాడు. తను తీయకపోతే ఇంకొకడు తీస్తాడు. ఇల్లు ఎలాగూ అమ్ముడుపోతుంది. ఇలాంటి సమాధానాలు మనసుకి చెప్పుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి ముందుగదిలో ఓ మూలకి కెమెరా స్టాండు నిలబెట్టాడు. మూలనుంచి, నడుమెత్తులో పెట్టి తీస్తే అగ్గిపెట్టెంత గది కూడా పెద్ద హాలులా కనిపిస్తుంది.

"ఇన్ని ఫొటోలెందుకండీ?" అని అడిగింది అద్దెకుంటున్న ఇల్లాలు, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ.

"ఇంటి ఓనరు అడిగారట. మరమ్మతులు చేయిస్తారనుకుంటా" అన్నాడు, కెమెరా మీంచి తలెత్తకుండా.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి కనికరించారన్నమాట!" అంటూ నడుం బిగించింది. కర్టెన్లు మార్చింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. కిటికీ అద్దాలు తళతళలాడేట్టు తుడిచింది. ఉన్న గూడును తనే ముస్తాబు చేసి ఎవరికో అప్పగిస్తోందని ఆవిడకి తెలియదు. తెలిసినవాడేమో తెలియనట్టే వెలుతురు చూసుకుంటున్నాడు.

"ఆగండాగండి, ఈ చెమ్మ తీయరేం? వానొస్తే గోడంతా కారుతుందాయె. ఇది చూపించకపోతే ఇంకేం బాగుచేస్తారు?" అని బీరువా పక్కకి లాగింది.

చెమ్మలూ పగుళ్ళూ కనబడకూడదని బ్రోకరు మరీ మరీ చెప్పాడు. ఫొటోగ్రాఫర్ గోడకి ఎదురుగా నిలబడి, ఆవిడ చూస్తుండగానే శ్రద్ధగా ఫొటో తీశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే దాన్ని చెరిపేసి, బీరువాను మళ్ళీ మరకకి అడ్డంగా జరిపాడు. తనంటే తనకే అసహ్యం వేసింది.

ఆ ఇంటి పాప బొమ్మను చంకనేసుకుని కెమెరా ముందుకొచ్చింది.

"నన్నూ తియ్యవా?"

"వీటిల్లో మనుషులు ఉండకూడదమ్మా."

"మరి బొమ్మ?"

"బొమ్మ కూడా."

కొనేవాడికి అది తన ఇల్లే అనిపించాలి. ఇంకొకరి పిల్ల కనిపిస్తే మనసొప్పదు. ఫొటోగ్రాఫర్ ఆ బొమ్మను మంచం కిందకి తోసేశాడు. పాప మూతి ముడుచుకుని తలుపు వెనక్కి పోయింది. అతను ఆ గదిని ఇంకోసారి తీశాడు.

కొద్దిరోజులకే బ్రోకరు కబురు పెట్టాడు.

"ఏం తీశావయ్యా! ఫొటోలు చూసే బేరం కుదిరిపోయింది. కొన్నాయన తనే దిగుతాడట, నెలాఖరుకల్లా ఖాళీ చేయించమన్నాడు" అంటూ చేతిలో ఓ కవరు పెట్టాడు. "ఇంకో ఇల్లుంది, రేపే మొదలెట్టెయ్."

మొదటి సంపాదన చేతికొస్తే గాల్లో తేలిపోతాననుకున్నాడు ఇన్నాళ్ళూ. తీరా వచ్చాక, తలెత్తి బ్రోకరు ముఖం చూడలేకపోయాడు.

"అద్దెకున్నవాళ్ళు..." అన్నాడు.

"చిన్నపిల్ల ఉందట, పాపం. మనమేం చేస్తాం చెప్పు? పొద్దున్నే నేను వెళ్ళి చెప్తాలే."

ఆలోపే, తన నోటితోనే ఆ ఇల్లాలికి చెప్పేయాలనుకున్నాడు ఫొటోగ్రాఫర్. కనీసం ఆ మాత్రం మనిషితనమైనా మిగుల్చుకోవాలి కదా. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. బతుకుతెరువు కోసం చేశానంటే నమ్ముతుందా? చెప్పే ధైర్యం లేకపోయిందంటే క్షమిస్తుందా? అద్దాలు తుడిచిపెట్టిన ఆ చేతులతో చెంప పగలగొట్టినా బాగుండును. గుమ్మం ముందుకి వచ్చేసరికి కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. తలుపు తట్టాడు.

గడియ తీసిన పాప అతన్ని చూసి, లోపలికి తిరిగి సంతోషంగా కేకేసింది: "అమ్మా, నాన్న వచ్చేశాడు!"